మాట విని వ్రాసే యంత్రము

మనిషి నాలుక వేగముగలది. ఆంగ్ల భాషలో తీరికగా మాట్లాడే వ్యక్తి నిమిషానికి 120 మొదలు 150 మాటల వరకు పలుకుతాడు. అదే వ్యక్తి కలము పట్టుకుంటే 30 మాటలు వ్రాయడము కూడ శ్రమే. టైపు యంత్రము మీద చేయి తిరిగినవారు సైతము సాధారణముగా 60, 70 మాటల దగ్గర ఆగిపోతారు. చెప్పేవాని నోటికీ, వ్రాసేవాని చేతికీ మధ్య గల ఈ దూరాన్ని తగ్గించడానికి కచేరీలు, కర్మాగారములు, ఆసుపత్రులు దాదాపు రెండు వందల సంవత్సరములుగా ప్రయత్నిస్తున్నాయి. మాట్లాడితే దానంతట అదే వ్రాసే కంప్యూటరు ఆ ప్రయత్నానికి నేటి ఫలము.

ఈ చరిత్రలో ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. యంత్రము మనిషికి అలవాటు పడాలా? లేక మనిషే యంత్రానికి అలవాటు పడాలా? ఈ ప్రశ్నకు ఒక్కొక్క తరములో ఒక్కొక్క సమాధానము దొరికినది. దానిని బట్టి కొందరికి పని తేలికయినది. కొందరికి పనే లేకుండా పోయినది.

మైనపు గొట్టము

మొదటి ఉపాయము యంత్రము కాదు, లిపి. 1837లో ఇంగ్లండులో ఐజాక్ పిట్‌మన్ అనే ఉపాధ్యాయుడు శబ్దములకు గీతలను, చుక్కలను గుర్తులుగా పెట్టి ఒక సంక్షిప్తలిపిని ప్రకటించాడు. మన కచేరీలలో ‘షార్ట్‌హాండు’ అని పిలువబడినది ఇదే. అధికారి చెబుతూ ఉంటే గుమాస్తా గీతలు గీసుకొని, తరువాత తీరికగా టైపు కొట్టేవాడు. దీనిలో ఒక ఇబ్బంది ఉన్నది. చెప్పేవాడు, వ్రాసేవాడు ఒకే సమయములో ఒకేచోట ఉండాలి.

1877లో అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫు నిర్మించాడు. నేడు దానిని పాటల పెట్టెగా తలచుకుంటాము. కాని మరుసటి సంవత్సరము ఎడిసన్ తన యంత్రము ఎందుకు పనికివస్తుందో చెబుతూ ఇచ్చిన జాబితాలో మొట్టమొదట పేర్కొన్నది ఉత్తరములు చెప్పి వ్రాయించుకొనడము! 1907లో ‘డిక్టాఫోను’ అనే పేరు వ్యాపార చిహ్నముగా నమోదయినది. అధికారి గొట్టములోనికి మాట్లాడేవాడు. మాట మైనపు స్తూపము మీద గాడిగా పడేది. టైపిస్టు చెవికి గొట్టములు తగిలించుకొని వింటూ టైపు కొట్టేది. పని అయిన పిమ్మట మైనపు పై పొరను గీకివేసి మళ్ళీ వాడుకొనేవారు.

చెప్పేవానినీ, వ్రాసేవారినీ ఈ యంత్రము వేరు చేసినది. కాని వ్రాసే చేయి మాత్రము మనిషిదే. ఆ చేతిని కూడ యంత్రానికి ఇవ్వడము సాధ్యమా అన్నది ఇరవయ్యవ శతాబ్దపు ప్రశ్న.

పది అంకెలు తెలిసిన యంత్రము

వినడము ఎంత కష్టమైన పనియో మనకు తెలియదు. పుట్టిననాటినుండి చేస్తున్నాము కనుక. ఒకే మాటను పసిపిల్ల, ముసలివాడు, జలుబు చేసినవాడు పలికితే గాలిలో పుట్టే తరంగములు మూడు విధములుగా ఉంటాయి. ఒకే వ్యక్తి ఒకే మాటను రెండుసార్లు పలికినా అవి ఒకదానితో ఒకటి పూర్తిగా సరిపోవు. పైగా మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుందనుకోవడము వ్రాతవలన కలిగిన భ్రమ. వాక్కులో మాటలు ఏటి నీటివలె కలిసి ప్రవహిస్తాయి.

అయితే ఆ ప్రవాహములో కొన్ని ఆనవాళ్ళు ఉన్నాయి. కంఠములో పుట్టిన నాదము నోటిగుండా వచ్చేటప్పుడు, నోటి ఆకారాన్ని బట్టి కొన్ని పౌనఃపున్యములు బలపడతాయి. ఖాళీ కుండలోనికి, నీరు నింపిన కుండలోనికి అరిస్తే మ్రోత వేరుగా వినిపించడము వంటిదే ఇది. ‘ఆ’ అన్నప్పుడు బలపడే పౌనఃపున్యములు వేరు, ‘ఈ’ అన్నప్పుడు బలపడేవి వేరు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలవారు ఈ భేదములను కాగితము మీద చిత్రములుగా గీసే పరికరాన్ని నిర్మించి, 1947లో ఆ చిత్రములను ఒక గ్రంథముగా వెలువరించారు. మాట కంటికి కనిపించినది.

1952లో అదే ప్రయోగశాలలలో డేవిస్, బిడుల్ఫ్, బలాషెక్ అనే ముగ్గురు ‘ఆడ్రీ’ అనే యంత్రాన్ని నిర్మించారు. అది దాదాపు ఆరడుగుల ఎత్తు గల చట్రములో బిగించిన విద్యుత్ వలయముల సముదాయము. దానికి తెలిసినవి సున్న మొదలు తొమ్మిది వరకు గల పది అంకెలు మాత్రమే. పలికిన ధ్వనిని సుమారు 900 చక్రముల పౌనఃపున్యము దగ్గర రెండుగా విడదీసి, పై భాగము, క్రింది భాగము ఎట్లా మారుతున్నాయో చూసి, ముందే అమర్చిన పది నమూనాలతో పోల్చేది. అలవాటైన గొంతు, అంకెకూ అంకెకూ మధ్య కొద్దిపాటి విరామము ఇస్తూ పలికితే నూటికి 97 కంటె ఎక్కువ సార్లు సరిగా గుర్తించేది. గొంతు మారితే యంత్రాన్ని మళ్ళీ సరిచేయవలసి వచ్చేది. ఇంత శ్రమపడి ఒక టెలిఫోను నంబరు చెప్పడముకంటె వేలితో డయలు తిప్పడమే చౌక!

పది సంవత్సరముల తరువాత, 1962లో సియాటిల్ నగరములో జరిగిన ప్రపంచ ప్రదర్శనములో ఐ.బి.యం. సంస్థ ‘షూబాక్స్’ను చూపించినది. పేరుకు తగినట్లు అది చెప్పుల పెట్టె అంతే ఉండేది. విలియం డెర్ష్ నిర్మించిన ఈ యంత్రానికి పది అంకెలతోపాటు కూడిక, తీసివేత, మొత్తము వంటి మరి ఆరు ఆజ్ఞలు తెలుసు. నోటితో చెబితే లెక్కల యంత్రము కూడికలు చేయడము చూపరులకు వింతగా ఉండేది. కాని కచేరీలో ఉత్తరము వ్రాయడానికి పదహారు మాటలు ఏ మూలకు?

సందేహము, సమాధానము

1969లో బెల్ ప్రయోగశాలల ఉన్నతాధికారి జాన్ పియర్స్ ఒక శాస్త్ర పత్రికలో ఈ కృషినంతటినీ తీవ్రముగా విమర్శించాడు. భాష తెలియని యంత్రము ధ్వనిని మాత్రమే విని మాటను గుర్తించజాలదని అతని వాదము. ఆ విమర్శ తరువాత కొంతకాలముపాటు ఆ ప్రయోగశాలలలో ఈ పని ఆగిపోయినది. విమర్శ కటువుగా ఉన్నా అందులో నిజమున్నది. వినేవాడు చెవితో మాత్రమే వినడు. భాష తెలిసిన బుద్ధితోకూడ వింటాడు.

ఆ సమయములోనే మరొకచోట పని మొదలయినది. దానికి పూనుకొన్నవాడు తెలుగువాడు. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామములో 1937లో జన్మించిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టభద్రుడై, ఆస్ట్రేలియాలో చదివి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొందాడు. ఆయన పరిశోధనాంశము కంప్యూటరు చేత మాటను గుర్తింపజేయడమే. రాజ్ రెడ్డిగా ప్రసిద్ధి చెందిన ఆయన 1969లో పిట్స్‌బర్గ్ నగరములోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో చేరాడు. 1971 నుండి 1976 వరకు అమెరికా రక్షణశాఖ ఈ కృషికి ధనసహాయము చేసినది. వేయి మాటల పరిధిలో, విరామములు లేకుండా పలికిన వాక్యములను గ్రహించాలన్నది అప్పటి లక్ష్యము. రెడ్డి బృందములోని బ్రూస్ లోయర్ నిర్మించిన ‘హార్పీ’ 1,011 మాటలతో ఆ లక్ష్యాన్ని అందుకొన్నది. ఏ మాట తరువాత ఏ మాట రాగలదో ముందే వల అల్లినట్లు అమర్చుకొని, విన్న ధ్వనికి ఆ వలలో తగిన దారిని వెదకడము దాని పద్ధతి. రాజ్ రెడ్డికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి కంప్యూటరు శాస్త్రములో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారము లభించినది.

పరిశోధకులు వేయి మాటలకోసము తపిస్తుండగా, కొద్ది మాటలతోనే కర్మాగారములు పని గడుపుకొన్నాయి. టామ్ మార్టిన్ స్థాపించిన థ్రెషోల్డ్ టెక్నాలజీ అనే సంస్థ 1970 దశాబ్దిలో అమ్మిన యంత్రములను టెలివిజను గాజు తెరల తనిఖీలోను, కదిలే పట్టాల మీద వచ్చే పార్సిళ్ళను వేరుచేయడములోను వాడారు. కారణము తేలికగా గ్రహించవచ్చు. ఆ పనివారి రెండు చేతులకూ పని ఉన్నది. నోరు ఖాళీగా ఉన్నది. చెప్పవలసినవి కొద్ది మాటలే. చెప్పేవాడు రోజూ అతడే. ఈ మూడూ కలిసినచోట యంత్రము తెలివితక్కువదైనా అక్కరకు వచ్చినది.

ఆవు తరువాత ఏమి వస్తుంది?

పియర్స్ అడిగిన భాషాజ్ఞానము యంత్రానికి ఎట్లా వచ్చినది? వ్యాకరణ సూత్రములు నేర్పడమువలన కాదు, లెక్కపెట్టడమువలన.

1913లో రష్యా గణిత శాస్త్రజ్ఞుడు ఆండ్రే మార్కోవ్, పుష్కిన్ కావ్యము ‘యెవ్‌గెనీ ఒనేగిన్’ నుండి 20,000 అక్షరములను తీసుకొని, అచ్చు తరువాత అచ్చు ఎన్నిసార్లు వచ్చినది, హల్లు ఎన్నిసార్లు వచ్చినది అని లెక్కించాడు. ఒక అక్షరము తెలిస్తే తరువాతి అక్షరమును గురించి కొంత ఊహించవచ్చునని తేలినది. అరవై సంవత్సరముల తరువాత ఈ లెక్క కచేరీలోనికి ప్రవేశించినది.

ఐ.బి.యం. పరిశోధనాలయములో 1972 నుండి ఫ్రెడరిక్ జెలినెక్ నాయకత్వములో ఒక బృందము మాట వ్రాసే యంత్రము కొరకు కృషి చేసినది. రాజ్ రెడ్డి విభాగములో చదివిన జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు మార్కోవ్ గణితాన్ని వాక్ గుర్తింపుకు అన్వయించి, 1974లో ఆ బృందములో చేరారు. వారి పద్ధతిని తెలుగు ఉదాహరణతో ఇట్లా వివరించవచ్చు. ‘ఆవు’ అనే మాట స్పష్టముగా వినిపించినది. తరువాతి మాట ‘పాలు’ కావచ్చు, ‘బాలు’ కావచ్చు; చెవికి తేడా చాలదు. అయితే లక్షలాది వాక్యములను ముందుగా లెక్కించి ఉంచుకొన్న యంత్రము, ‘ఆవు’ తరువాత ‘పాలు’ అనేకసార్లు వచ్చినదనీ, ‘బాలు’ దాదాపు రాలేదనీ ఎరుగును. ధ్వని ఇచ్చే సాక్ష్యాన్నీ, భాష ఇచ్చే సాక్ష్యాన్నీ గుణించి, ఏ సంభావ్యత ఎక్కువైతే ఆ మాటను వ్రాస్తుంది. యంత్రానికి ఆవు తెలియదు, పాలు తెలియవు. దానికి తెలిసినది లెక్క మాత్రమే.

1980 దశాబ్ది మధ్యకు ఈ బృందము 20,000 మాటలు గుర్తించే యంత్రాన్ని తయారుచేసి దానికి ‘టంగోరా’ అని పేరు పెట్టినది. 1923లో గంటసేపు నిమిషానికి 147 మాటల చొప్పున టైపు చేసి ప్రసిద్ధుడైన ఆల్బర్ట్ టంగోరా పేరది. ఎవరి పనిని యంత్రము చేయబోతున్నదో వారి పేరే యంత్రానికి పెట్టడము గమనించదగినది.

బేకర్ దంపతులు 1982లో స్వంత సంస్థ స్థాపించి, 1990లో ‘డ్రాగన్ డిక్టేట్’ను 9,000 డాలర్ల ధరకు అమ్మకానికి పెట్టారు. దానితో మాట్లాడేవాడు ప్రతి మాట తరువాత ఆగవలసి వచ్చేది. చేతులు నొప్పిపుట్టి టైపు చేయలేనివారికి అది వరమే. కాని రోజంతా అట్లా తెంపి తెంపి మాట్లాడి గొంతు పాడుచేసుకొన్నవారూ ఉన్నారు. ఇక్కడ మనిషే యంత్రానికి అలవాటు పడ్డాడు.

ఈ బంధనములు రెండు మెట్లలో తొలగినవి. యంత్రము ముందు గంటలకొద్దీ చదివి గొంతును పరిచయము చేసుకోనక్కరలేకుండా, ఎవరు మాట్లాడినా గుర్తించే ‘స్ఫింక్స్’ను రాజ్ రెడ్డి శిష్యుడు కై-ఫు లీ 1988 నాటికి నిర్మించాడు. 1997లో బేకర్ సంస్థ, ఐ.బి.యం. సంస్థ కూడ విరామము లేకుండా సహజముగా మాట్లాడితే వ్రాసే సాధనములను బజారుకు తెచ్చాయి. వైద్యులు, న్యాయవాదులు వాటిని కొన్నారు. చెప్పవలసినది ఎక్కువ, వాడే మాటలకు ఒక పరిధి ఉన్నది. అందుచేత ఎక్స్‌రే చిత్రములను చూసి నివేదికలు చెప్పే వైద్యులకు ఇది ముందుగా పనికివచ్చినది.

పని ఎవరిది పోయినది?

1992లో అమెరికాలోని ఏ.టి. అండ్ టి. టెలిఫోను సంస్థ, ఆపరేటరు సహాయముతో చేసే దూరపు కాల్స్‌కు మాట గుర్తించే యంత్రమును ప్రవేశపెట్టినది. దానికి తెలిసినవి ఐదు పదములే. ప్రయాస అంతా ఆ ఐదింటిని, జనము వాటి చుట్టూ కలిపి పలికే ‘ఆఁ’, ‘అదేనండీ’, ‘దయచేసి’ వంటి మాటలనుండి ఏరడములో ఉన్నది. అది సాధ్యము కాగానే వేలాది ఆపరేటర్ల ఉద్యోగములు తగ్గిస్తామని సంస్థ ప్రకటించినది. ఐదు మాటలు చాలు, వేల ఉద్యోగములు పోవడానికి!

గిడ్డంగులలో మరొక విధమైన మార్పు వచ్చినది. పనివాని చెవిలో యంత్రము ఏ వరుసకు వెళ్ళాలో, ఎన్ని పెట్టెలు తీయాలో చెబుతుంది. అతడు అక్కడి అంకెలు చదివి ‘తీశాను’ అంటాడు. కాగితము లేదు, చేతులు ఖాళీ, పొరపాట్లు తక్కువ. అదే సమయములో అతడు ఎంత వేగముగా పనిచేసినదీ, ఎంతసేపు ఆగినదీ కూడ యంత్రము లెక్కగడుతుంది.

మూడవ కథ హైదరాబాదుకు చెందినది. 1990 దశాబ్ది చివర అమెరికా వైద్యులు చెప్పిన మాటల రికార్డులు రాత్రికి రాత్రి హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నగరములకు వచ్చేవి. అక్కడ రాత్రి అయితే ఇక్కడ పగలు కనుక, తెల్లవారేసరికి నివేదికలు టైపు అయి తిరిగి వెళ్ళేవి. ఈ పనిని ‘మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్’ అన్నారు. హైదరాబాదులో దానికి శిక్షణాలయములు వెలిశాయి. పట్టభద్రులైన యువతీయువకులు వేల మైళ్ళ దూరములోని రోగుల వ్యాధులను చెవితో విని, వరుసకు ఇంత అని కూలి పుచ్చుకొన్నారు. ఎడిసన్ కాలపు టైపిస్టు పనే ఇది. మైనపు గొట్టము స్థానములో ఇంటర్నెట్ వచ్చినది, అంతే. పిమ్మట యంత్రమే మొదటి ప్రతి వ్రాయసాగినది. టైపు చేసినవారు దిద్దేవారయ్యారు. దిద్దుబాటుకు వరుసకు ఇచ్చే కూలి తగ్గినది.

దిద్దేవాని విలువ

ఆ దిద్దుబాటు అక్కరలేని పనియా? 2018లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన దీనిని కొలిచినది. 217 వైద్య నివేదికలను పరిశీలించగా, యంత్రము వ్రాసిన మొదటి ప్రతిలో నూటికి 7.4 మాటలు తప్పుగా ఉన్నాయి. వృత్తిలో శిక్షణ పొందినవారు దిద్దిన పిదప తప్పులు 0.4కు దిగినవి. వైద్యుడు చూసి సంతకము చేసిన తరువాత 0.3. అనగా తప్పులను దాదాపుగా తొలగించినది పేరులేని ఆ దిద్దేవారే. ‘గడ్డ లేదు’ అన్నచోట ‘లేదు’ జారిపోతే వాక్యము చక్కగానే ఉంటుంది, రోగి గతి మారుతుంది.

2010 తరువాత, మెదడులోని నాడీకణముల అల్లికను పోలిన బహుళ పొరల గణిత జాలములు వచ్చి యంత్రముల నైపుణ్యము అమాంతముగా పెరిగినది. 2016లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు టెలిఫోను సంభాషణల పరీక్షలో తమ యంత్రము నూటికి 5.9 తప్పులు మాత్రమే చేసి, వృత్తిగా వ్రాసేవారితో సమానమైనదని ప్రకటించారు. 2022లో ఓపెన్ ఏఐ సంస్థ విడుదల చేసిన ‘విస్పర్’ 6,80,000 గంటల వాక్కును విని నేర్చుకొన్నది.

అయినా కొరత తీరలేదు. 2020లో అమెరికాలో ఐదు పెద్ద సంస్థల యంత్రములను పరీక్షించినప్పుడు, శ్వేతజాతివారి మాటలలో నూటికి 19 తప్పులు రాగా, నల్లజాతివారి మాటలలో 35 వచ్చినవి. యంత్రము ఎవరి మాట ఎక్కువ విన్నదో వారి మాటే బాగా గుర్తించినది. 2024లో ‘విస్పర్’ను పరీక్షించినవారు, ధ్వని ఖండములలో సుమారు నూటికి ఒకదానిలో ఎవరూ పలకని వాక్యములను అది కల్పించి వ్రాసినట్లు కనుగొన్నారు. ఆడ్రీకి తెలియకపోతే తప్పు అంకె చూపేది. నేటి యంత్రము తెలియనిచోటకూడ నున్నని వాక్యము వ్రాయగలదు. కనుక దిద్దేవాడు మునుపటికంటె జాగ్రత్తగా వినాలి.

తెలుగు మాట వినాలంటే

2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశములో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైగా ఉన్నారు. ఈ భాష యంత్రానికి రెండు చిక్కులు తెస్తుంది. మొదటిది సంధి. ‘వచ్చేశాడు’, ‘అంటున్నారు’, ‘కదా’ అనేవి కలిసి ‘వచ్చేశాడంటున్నారుకదా’ అవుతుంది. ఆంగ్లానికి 20,000 మాటల పట్టిక చాలా దూరము నడిపించినది. తెలుగులో ఒక్క క్రియాధాతువు వందల రూపములు దాల్చగలదు. అందుచేత మాటలను ముక్కలుగా విడదీసి నేర్పవలసి ఉంటుంది. రెండవది ప్రాంతభేదము. శ్రీకాకుళము పలుకు, ఆదిలాబాదు పలుకు, అనంతపురము పలుకు ఒకటి కావు. అన్ని ప్రాంతముల గొంతులు విననిదే అమెరికాలో కనిపించిన అన్యాయము ఇక్కడకూడ పునరావృతము కాక తప్పదు.

2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన ‘భాషిణి’ పథకము భారతీయ భాషలలో ఇటువంటి సామగ్రిని కూర్చడానికి ఉద్దేశించినది. ఆ సామగ్రి ఆకాశమునుండి ఊడిపడదు. చేనేతకారుడు, పొలము కూలి, ఆసుపత్రి నర్సు, సంతలో కూరలమ్మే మనిషి తమ మాటలో తాము మాట్లాడినప్పుడు, దానిని ఒకరు శ్రద్ధగా విని, ఉన్నదున్నట్లు వ్రాసి, వ్రాసినదానిని మరొకరు సరిచూస్తేనే అది తయారవుతుంది. ఒక గంట మాటను సరిగా వ్రాయడానికి అనేక గంటలు పడుతుంది. ఈ పనికి గణితము తెలిసినవారు కావాలి, వ్యాకరణము తెలిసినవారు కావాలి, తమ ఊరి మాటను చిన్నచూపు చూడనివారు కావాలి. నేడు ఉన్నత పాఠశాలలలో చదువుతున్న విద్యార్థులలో ఈ మూడు గుణములను పెంచడము ఉపాధ్యాయుల చేతిలో ఉన్నది.